చిరాగ్ తలే అంధేరా: వేలాడే దీపాల కథ

ఉర్దూలో చిరాగ్ తలే అంధేరా అని ఒక సామెత ఉంది. దీపం కిందే చీకటి అని తెలుగులోనూ అంటాం. ఊరందరికీ బుద్ధులు చెప్పే పెద్దమనిషి సొంత ఇంట్లో జరిగేది చూసుకోకపోతే ఈ మాట వాడతాం. కాని ఈ సామెత పుట్టింది నీతి చెప్పడానికి కాదనిపిస్తుంది. రోజూ కళ్లతో చూసిన విషయమే సామెత అయ్యింది. మట్టి ప్రమిదలో ఒత్తి వెలుగుతుంటే వెలుగు పైకి, పక్కలకు పోతుంది. ప్రమిద నీడ మాత్రం ప్రమిద కిందే పడుతుంది. దీపం ఎంత పెద్దదైతే నీడ కూడా అంత పెద్దది.

మనిషి దీపాన్ని పైకెత్తి వేలాడదీయడం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ నీడతోనే జంగ్ నడిచింది. ఝూమర్లు, ఫానూసులు, కందిళ్ల తారీఖ్ అంతా ఒక రకంగా ఈ సామెతను అబద్ధం చేయడానికి పడిన తంటాలే. ఇప్పుడు కొత్త ఇల్లు కట్టుకుని, హాల్లో వేలాడదీయడానికి లైటు కొనాలని షాపుకు వెళ్లేవాళ్లకు కూడా ఈ తారీఖ్ పనికొస్తుంది. ఎలాగంటారా? చదవండి.

కందిలి ఎక్కడి నుంచి వచ్చింది?

ముందు మాటల సంగతి చూద్దాం. తెలుగులో కందిలి అనే మాట ఉంది. ఇది మనకు ఉర్దూ ఖందీల్ నుంచి వచ్చింది. ఉర్దూకు అరబ్బీ ఖిందీల్ నుంచి వచ్చింది. అరబ్బులకు గ్రీకు నుంచి, గ్రీకులకు లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో కాండేలా అంటే కొవ్వొత్తి. అదే లాటిన్ మాట ఇంకో దారిలో ఫ్రెంచివాళ్ల దగ్గరికి వెళ్లి షాండ్లియర్ అయ్యింది. ఇంగ్లీషులో క్యాండిల్ అయ్యింది. వెలుగును కొలిచే సైన్సువాళ్లు వాడే కాండెలా కూడా అదే. అంటే పల్లెటూరి కందిలి, నవాబుగారి దివాన్‌ఖానాలో షాండ్లియర్ ఒకే ఖాందాన్‌కు చెందినవి. ఒకటి గరీబు చుట్టం, ఇంకొకటి అమీరు చుట్టం.

ఫానూస్ కూడా గ్రీకు మాటే. అరబ్బీ మీదుగా ఫార్సీకి, అక్కడి నుంచి ఉర్దూకు వచ్చింది. చిరాగ్ ఫార్సీ. ఝూమర్ మాత్రం మన దేశపు మాట. పెళ్లికూతురి తల మీద ఒక పక్కగా వేలాడే నగ పేరు కూడా ఝూమరే. ఇంటి కప్పుకు వేలాడే గాజు నగ కాబట్టి దానికీ ఆ పేరే పెట్టారు. ఝాడ్ అని కూడా అంటారు, అంటే చెట్టు. కొమ్మకొమ్మకు వెలుగు పూసే చెట్టు.

గాజు చేసిన మేలు

మస్జిదులో మొదట చిరాగ్ వెలిగించింది తమీమ్ దారీ అని ఇబ్నె మాజా హదీసు సంకలనంలో ఒక రివాయత్ ఉంది. ఆయన షామ్ ప్రాంతం నుంచి వచ్చినవారు, అంతకు ముందు క్రైస్తవులు. చర్చిలలో వేలాడే నూనె దీపాలు ఆ ప్రాంతంలో మామూలే. బైజాంటియం చర్చిలలో కంచు చక్రానికి రంధ్రాలు చేసి, ఒక్కో రంధ్రంలో ఒక గాజు గిన్నె పెట్టి, చక్రాన్ని గొలుసులతో వేలాడదీసేవారు. గిన్నెలో నీళ్లు పోసి, నీళ్ల మీద నూనె పోసి, అందులో ఒత్తి వేసేవారు.

గాజు ఎందుకు? అసలు హిక్మత్ ఇక్కడే ఉంది. మట్టి, ఇత్తడి వెలుగును అడ్డుకుంటాయి. గాజు అడ్డుకోదు. నీళ్లు కూడా అడ్డుకోవు. గాజు గిన్నె అడుగు నుంచి వెలుగు కిందికి దిగుతుంది. తల పైన వేలాడే దీపం కింద కూర్చున్న మనిషి ఒళ్లోకి వెలుగు పడుతుంది. చిరాగ్ తలే అంధేరా అనే సామెతకు అలా మొదటి జవాబు దొరికింది.

ఈ పనితనం శిఖరానికి చేరింది మమ్లూకుల కాలంలో. 13, 14 శతాబ్దాల్లో సిరియా, ఈజిప్టు కారిగర్లు మస్జిదుల కోసం చేసిన గాజు దీపాలను ఇవాళ ప్రపంచంలోని పెద్ద మ్యూజియాలన్నీ అపురూపంగా దాచుకున్నాయి. విశాలమైన మెడ, ఉబ్బిన పొట్ట, చుట్టూ గొలుసులు తగిలించే చిన్న కొక్కేలు. గాజు మీద బంగారు పూత, రంగురంగుల మీనాకారీ. వాటిలో చాలావాటి మెడ మీద ఆయతున్నూర్ రాసి ఉంటుంది. ఖురాన్‌లో 24వ సూరాలో 35వ ఆయత్ అది. అల్లాహ్ నూర్‌ను గూటిలో ఉన్న, గాజులో ఉన్న, జైతూన్ నూనెతో వెలిగే దీపంతో పోల్చిన ఆయత్. కైరోలో సుల్తాన్ హసన్ మస్జిదు, మదర్సా 1356లో కట్టడం మొదలైంది. అక్కడి దీపాలు చాలావరకు ఇప్పుడు కైరో ఇస్లామిక్ ఆర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

ఈ దీపాల తర్వాతి కథ కూడా తమాషాగా ఉంటుంది. 19వ శతాబ్దంలో యూరపు కలెక్టర్లకు వీటి మీద మోజు పుట్టింది. పారిస్‌లో ఫిలిప్ జోసెఫ్ బ్రోకార్ అనే గాజు పనివాడు వీటిని చూసి, మరిచిపోయిన ఆ మీనాకారీ పద్ధతిని తిరిగి పట్టుకున్నాడు. 1867 పారిస్ ఎగ్జిబిషన్‌లో తన నమూనాలు చూపించాడు. మస్జిదులో నమాజీల కోసం పుట్టిన వస్తువు డ్రాయింగ్ రూములో షౌకు వస్తువు కావడం అప్పటి నుంచే మొదలైంది.

నూనె ఖర్చు ఎవరిది?

దీపం కొనడం ఒక్కరోజు ఖర్చు. వెలిగించడం రోజూ ఖర్చు. పాతకాలం వాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. బైతుల్ ముఖద్దస్‌కు వెళ్లి నమాజు చేసే తాహత్ లేనివాళ్లు అక్కడి దీపాలకు నూనె పంపినా చాలని చెప్పే రివాయత్ అబూ దావూద్ సంకలనంలో ఉంది. నూనె పంపడం అంత పెద్ద సవాబ్ అయ్యిందంటే, నూనె ఎంత విలువైన సరుకో అర్థమవుతుంది. మస్జిదులకు, మదర్సాలకు రాసిన వఖ్ఫ్ దస్తావేజుల్లో నూనె, ఒత్తులు, దీపాలు వెలిగించే మనిషి జీతం కూడా లెక్కలో ఉండేవి. మన దగ్గర దర్గాలకు చిరాగీ పేరుతో భూములు, నగదు ఇచ్చే రివాజ్ ఉండేది.

ఇది ముసల్మానుల పద్ధతి మాత్రమే కాదు. తూర్పు చాళుక్యుల, కాకతీయుల కాలపు తెలుగు శాసనాలు చూడండి. గుడిలో అఖండ దీపం కోసం గొర్రెలనో ఆవులనో దానం చేసినట్టు పదేపదే కనిపిస్తుంది. ఆ మందను ఒక కాపరికి అప్పగిస్తారు. అతను రోజూ ఇంత నెయ్యి అని గుడికి చెల్లించాలి. ఒక్క దీపం రాత్రీ పగలూ వెలగడానికి ఒక మంద కావాల్సి వచ్చింది! మస్జిదు ఖిందీల్ అయినా, గుడి అఖండ దీపం అయినా, వెనుక ఉన్న హిసాబ్ ఒకటే. వెలుగు ఖరీదైనది. అందుకే ఒక్క చుక్క వెలుగు కూడా వృథా కాకుండా చూసుకునేవారు.

ఉస్మానీ తుర్కుల మస్జిదులు దీనికి మంచి మిసాల్. ఇస్తాంబుల్‌లో సులేమానియా గుమ్మటం యాభై మీటర్ల ఎత్తుకు పైనే ఉంటుంది. కాని దీపాల చక్రాలు గుమ్మటం దగ్గర ఉండవు. పొడవాటి గొలుసులతో మనుషుల తలలకు కాస్త పైదాకా దించి ఉంటాయి. మొదటిసారి చూసినవాళ్లకు ఇంత ఎత్తు పెట్టుకుని ఇంత కిందికి ఎందుకు దించారా అనిపిస్తుంది. దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. మూడింతలైతే తొమ్మిదో వంతు. ఆ కాలపు మేమార్లకు ఈ సూత్రం కాగితం మీద తెలియకపోవచ్చు. కంటితో తెలుసు. గుమ్మటం అల్లాహ్ అజ్మత్ చూపడానికి, దీపం ముస్హఫ్ చదివేవాడికి. రెండింటి ఎత్తు వేరు.

ఝూమర్ల జమానా

యూరపులో కథ ఇంకో మలుపు తిరిగింది. 1674లో ఇంగ్లండులో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ సీసం కలిపిన గాజుకు పేటెంటు తీసుకున్నాడు. ఈ గాజును పట్టకాల్లా సానబట్టితే వెలుగును విరిచి, ముక్కలు చేసి, వంద మెరుపులుగా వెదజల్లుతుంది. కొవ్వొత్తుల చుట్టూ ఈ గాజు తునకలు వేలాడదీశారు. ఝూమర్ అనగానే మన కళ్ల ముందు కనిపించే రూపం అదే.

ఇక్కడొక సంగతి గమనించాలి. గాజు తునక వెలుగును పుట్టించదు. ఉన్న వెలుగును చెల్లాచెదురు చేసి, ఎక్కువ ఉన్నట్టు కంటికి చూపిస్తుంది. కొవ్వొత్తి మంట ఎప్పుడూ పైకే కాబట్టి ఝూమర్ కొమ్మలన్నీ పైకే తిరిగి ఉంటాయి. కొవ్వొత్తి కింద మైనం పడకుండా పళ్లెం. అంటే కింద మళ్లీ నీడ! దాన్ని కప్పిపుచ్చడానికే అన్ని వరసల గాజు. గాలిబ్ జమానాలో అమీర్ల హవేలీల్లో మెరిసిన ఝూమర్ల అసలు రహస్యం వెలుగు కొరత.

బర్మింగ్‌హామ్‌లో 1807లో మొదలైన ఆస్లర్ కంపెనీ ఈ వ్యాపారంలో పెద్ద పేరు. 1851 లండన్ ఎగ్జిబిషన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ నడిబొడ్డున 27 అడుగుల గాజు ఫౌంటెన్ నిలబెట్టింది వీళ్లే. అంతకు ముందు 1847లో ఈజిప్టు ఇబ్రాహీం పాషా కోసం మదీనాకు పంపేందుకు రెండు భారీ గాజు షమాదాన్లు చేశారు. కలకత్తాలో షోరూము పెట్టి మన రాజులకు, నవాబులకు ఝూమర్లే కాదు, గాజు కుర్చీలు, గాజు బల్లలు కూడా అమ్మారు.

హైదరాబాదులో ఆ వైభవం చూడాలంటే చౌమహల్లాకు వెళ్లాలి. 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ మొదలుపెట్టిన ఈ ప్యాలెస్ అఫ్జలుద్దౌలా హయాంలో పూర్తయింది. ఖిల్వత్ ముబారక్ దర్బారు హాల్లో బెల్జియం స్ఫటికపు ఝూమర్లు 19 ఉన్నాయి. అవి ఎంత కిందికి వేలాడుతున్నాయో చూడండి. అంత ఎత్తు హాల్లోనూ తఖ్త్ ముందు నిలబడిన మనిషికి వెలుగు అందేలా దించారు.

బరువు సంగతి గ్వాలియర్ జైవిలాస్ ప్యాలెస్ చెబుతుంది. 1874లో పూర్తయిన ఆ ప్యాలెస్ దర్బారు హాల్లో రెండు ఝూమర్లు, ఒక్కోటి మూడున్నర టన్నులు. కప్పు ఆ బరువు మోస్తుందో లేదో చూడటానికి ముందు ఏనుగులను పైకెక్కించారని చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గాని అందులో అఖల్ ఉంది. వేలాడదీసే ముందు కప్పును అడగాలి.

మన దేశంలో ఇంకో చిక్కు గాలి. వేసవిలో పంఖా లాగేవాడు లాగుతుంటే కొవ్వొత్తి నిలవదు. అందుకే హండీలు వచ్చాయి. గంట ఆకారంలో, పైన తెరిచి ఉండే గాజు పాత్ర. మూడు గొలుసులతో వేలాడుతుంది. లోపల మంట కదలకుండా వెలుగుతుంది. పాత దేవిడీల వరండాల్లో, దర్గాలలో ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇంత రోష్నీ వెనుక ఉన్న చేతుల సంగతి తారీఖ్ పుస్తకాల్లో తక్కువ. గిలక తాడుతో ఝూమర్‌ను కిందికి దించి, ఒక్కో గాజు తునకా తుడిచి, మైనం గీకి, ఒత్తులు కత్తిరించే ఫర్రాషులు ఉండేవారు. కాగడాలు మోసే మషాల్చీలు ఉండేవారు. తర్వాత పెట్రోమాక్స్ లైట్లు వచ్చాక బరాత్‌లో వాటిని తల మీద పెట్టుకుని నడిచేవాళ్లు వచ్చారు. దూల్హా మొహం మీద రోష్నీ, లైటు మోసేవాడి మొహం మీద చీకటి. చిరాగ్ తలే అంధేరా సామెతకు ఇంతకన్నా నిజమైన అర్థం ఏముంటుంది!

ఇళ్లలో ఈ పని ఆడవాళ్లది. అసర్ నమాజు అయ్యాక, మగ్రిబ్ లోపల లాంతరు చిమ్నీలు బూడిదతో తోమి, గుడ్డతో తుడిచి, ఒత్తి సరిచేసి, గ్యాస్ నూనె పోసి పెట్టడం. మసిబారిన చిమ్నీ సగం వెలుగును మింగేస్తుంది. కరెంటు రావడం అంటే ఆడవాళ్లకు రోజూ ఆ పని తప్పడం కూడా.

అరవై కొవ్వొత్తులు, ఒక్క బల్బు

1780లలో అర్గాండ్ అనే స్విస్ మనిషి గుండ్రటి బోలు ఒత్తి, దాని మీద గాజు చిమ్నీ పెట్టి, ఒక్క దీపంతో అనేక కొవ్వొత్తుల వెలుగు తెప్పించాడు. తర్వాత కిరసనాయిలు, 1879లో ఎడిసన్ బల్బు, గ్యాసు మాంటిల్. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున నిజాం సర్కారు 1920లో థర్మల్ పవర్ స్టేషన్ కట్టించింది. ఫలక్‌నుమా లాంటి మహళ్లలో కొవ్వొత్తుల కొమ్మల మీదే బల్బులు వచ్చాయి.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక మామూలు కొవ్వొత్తి ఇచ్చే వెలుగు సుమారు 12 ల్యూమెన్లు. ఇవాళ కిరాణా షాపులో దొరికే 9 వాట్ల ఎల్ఈడీ బల్బు సుమారు 800 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే అరవై కొవ్వొత్తులకు పైమాటే. ఒక దేవిడీలో పెద్ద ఝూమర్ మొత్తం వెలిగితే వచ్చే రోష్నీ, ఇవాళ బస్తీలో రేకుల ఇంట్లో ఒక్క హోల్డర్‌కు వేలాడుతోంది. నీలి ఎల్ఈడీ కనిపెట్టిన అకసాకి, అమనో, నకమురా అనే ముగ్గురికి 2014లో నోబెల్ ఊరికే రాలేదు. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకంతో ఈ బల్బులు చవకగా ఇంటింటికీ చేరాయి. నవాబుకు, గరీబుకు మధ్య వెలుగు విషయంలో ఉన్న ఫరఖ్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఇది చిన్న ఇన్ఖిలాబ్ కాదు.

కాని వెలుగు చవకైన కొద్దీ దాన్ని ఎక్కడ పెట్టాలన్న ఇల్మ్ మనం పోగొట్టుకున్నాం. గోడకు పైన ఎక్కడో తెల్లటి ట్యూబ్‌లైటు. దానికి వీపు పెట్టి పిల్లవాడు హోంవర్కు చేస్తుంటాడు. వాడి తల నీడ వాడి పుస్తకం మీదే పడుతుంది. దస్తర్‌ఖాన్ పరిస్తే వడ్డించేవాళ్ల నీడ బిర్యానీ మీద. ముసలి దాదీ సూదిలో దారం ఎక్కించలేక కళ్లు పోయాయనుకుంటుంది. కళ్లు కాదు, చాలాసార్లు లైటు దూరంగా ఉంది.

కొనేముందు పాతవాళ్లను అడగండి

హాలుకు వేలాడే లైటు కొనాలంటే మనం షాపులో తల పైకెత్తి, వెలుగుతున్న యాభై లైట్లలో అందమైనది ఏదో చూస్తాం. మమ్లూకు కారిగర్, ఉస్మానీ మేమార్ ఇలా చూసేవాళ్లు కాదు. కింద ఎవరు కూర్చుంటారు అని ముందు అడిగేవాళ్లు.

మొదటిది ఎత్తు. 60 కొవ్వొత్తుల బల్బు 1 మీటరు దూరంలో 60 లక్స్ వెలుగు ఇస్తే, 2 మీటర్లలో 15, 3 మీటర్లలో 7 కూడా ఇవ్వదు. భోజనాల బల్ల మీద లైటును బల్ల నుంచి 75 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో వేలాడదీయాలి. ఎదుటివాళ్ల మొహం కనిపించాలి, బల్బు కంట్లో పడకూడదు. మనుషులు నడిచే చోటైతే నేల నుంచి 7 అడుగుల ఖాళీ వదలాలి.

రెండోది బల్బు ఎటు చూస్తోంది. మన ఎల్ఈడీ బల్బుల్లో చాలావాటికి కింది సగం తెల్లటి ప్లాస్టిక్ డొక్క. వెలుగు ముందుకే పోతుంది. కొమ్మలు పైకి తిరిగిన ఝూమర్‌లో అలాంటి బల్బులు పెడితే కప్పు ధగధగలాడుతుంది, సోఫా మీద చీకటి. లక్ష రూపాయలు పోసి చిరాగ్ తలే అంధేరాను ఇంటికి తెచ్చుకున్నట్టు. అలాంటి ఝూమర్‌కు గాజు లోపల తీగలు కనిపించే ఫిలమెంట్ ఎల్ఈడీలు పెట్టాలి, అవి నలువైపులా వెలుగుతాయి. లేదంటే హోల్డర్లు కిందికి తిరిగిన లైటు తీసుకోవాలి. మంటకు కుదరనిది కరెంటుకు కుదురుతుంది కదా, ఎందుకు వదులుకోవాలి?

మూడోది రంగు. కొవ్వొత్తి రంగు సుమారు 1900 కెల్విన్లు, పాత పచ్చ బల్బు 2700. మనవాళ్లు ఎక్కువగా కొనే తెల్ల బల్బు 6500. కూర్చునే చోట, పడుకునే చోట 2700 నుంచి 3000 మధ్య ఉన్నది పెట్టి చూడండి. రంగులు సరిగ్గా కనిపించాలంటే డబ్బా మీద సీఆర్ఐ 80కి తక్కువ కాకుండా చూసుకోండి. 90 ఉంటే మేలు. వాట్లు చూడకండి, ల్యూమెన్లు చూడండి. వాటు ఖర్చు, ల్యూమెన్ రోష్నీ.

నాలుగోది పంఖా. హండీ చేసినవాడు గాలిని లెక్కలో పెట్టుకున్నాడు, మనం మరిచిపోతాం. సీలింగ్ ఫ్యాను రెక్కల పైన లైటు ఉంటే రెక్కల నీడ గదంతా ఆడుతుంది, తల తిరుగుతుంది. రెక్కలకు దూరంగా, వాటికంటే కిందికి ఉండాలి. తేలికపాటి కాగితం ఫానూస్ అయితే ఊగుతూనే ఉంటుంది.

చిన్న విషయాలు మరికొన్ని. మన బల్బులకు రెండు పిన్నులుండే బి22 క్యాపు. బయటి నుంచి వచ్చే ఫ్యాన్సీ లైట్లలో చాలావాటికి మర తిప్పే ఇ27, చిన్న కొమ్మలకు ఇ14. అడిగి తీసుకోండి. అన్ని వైపులా మూసేసిన గాజు గోళంలో ఎల్ఈడీకి వేడి బయటికి పోక తొందరగా పోతుంది. బరువైన ఝూమర్ కొక్కెం స్లాబులో దిగాలి, ఫాల్స్ సీలింగ్ ప్లాస్టర్‌కు కాదు. లోహపు లైటుకు ఎర్త్ తీగ తప్పనిసరి. తుడిచేది ఎవరో కూడా ఆలోచించండి. ఇప్పుడు మన ఇళ్లలో ఫర్రాషులు లేరు. నాలుగు వందల గాజు తునకలున్న ఝూమర్ కొంటే ఈద్‌కు ముందు నిచ్చెన ఎక్కేది ఎవరు? మగవాళ్లు కొని ఆడవాళ్లు తుడిచే వస్తువైతే, ఆ ఫైసలా కూడా ఆడవాళ్లదే కావాలి.

వెలుగు దొరకని రోజుల్లో మనిషి ఒక్క ఒత్తి కోసం గొర్రెల మంద రాసిచ్చాడు, నీడ పోగొట్టడానికి గాజులో నీళ్లు పోశాడు, గుమ్మటం నుంచి గొలుసు దించాడు. మనకు వెలుగు దొరుకుతోంది. షాపుకు వెళ్లే ముందు ఒక సాయంత్రం మగ్రిబ్ తర్వాత మీ ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో, ఎవరి నీడ ఎవరి పని మీద పడుతోందో చూడండి. కొలత అక్కడ దొరుకుతుంది. లైటు డిజైను తర్వాత చూసుకోవచ్చు.